పార్వతి అడిగిన ప్రశ్న: ఇద్దరు దేవదాసుల కథ

మన భాషలో "దేవదాసు" ఒక మనిషి పేరుగా మొదలై మామూలు మాటగా స్థిరపడిపోయింది. గడ్డం పెంచుకుని దిగాలుగా తిరిగే కుర్రవాణ్ణి "ఏమిట్రా, దేవదాసులా తయారయ్యావు?" అని అడగడానికి సినిమా చూసి ఉండనక్కరలేదు. శరత్ నవల చదివి ఉండనక్కర అంతకన్నా లేదు. ఒక కథలోని పాత్ర పేరు ఇలా వాడుకమాట కావడం అరుదు. తెలుగులో ఆ పని చేసింది 1953 జూన్ 26న విడుదలైన వినోదా వారి 'దేవదాసు'. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడానికి ఇంకా మూడు నెలలుంది అప్పటికి.

ఆ తరువాత 21 ఏళ్ళకు, 1974లో, అదే కథ అదే పేరుతో తెలుగులో మళ్ళీ వచ్చింది. ఈసారి రంగుల్లో వచ్చింది. నటీనటులు పేరున్నవారే. సంగీతం బాగుంది. కాని జనం ఆదరించలేదు. కథ ఒకటే, భాష ఒకటే, చావు కూడా అదే చావు. మొదటిది చూసినవారు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చారు, రెండోది చూసినవారు పోలికలు చెప్పుకుంటూ వచ్చారు. ఒక సినిమా మన మనసును ఎలా పట్టుకుంటుంది, మరొకటి ఎందుకు జారవిడుస్తుంది అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన చలనచిత్ర చరిత్రలో దొరకదు. అందుకని ఈ సంచికలో ఆ రెండు చిత్రాల సంగతి ముచ్చటించుకుందాం.

దీనికి మరో కారణం కూడా ఉంది. ఇక్కడ పుట్టి పెరిగిన మన పిల్లలకు పాత సినిమాలు చూపించాలని మనకు సరదా. వాళ్ళను కూర్చోబెట్టి 'దేవదాసు' చూపిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానని అతను గట్టిగా ఎందుకు చెప్పడు?" పెద్దవాళ్ళం నవ్వేసి, "ఆ రోజులు వేరు, మీకర్థం కాదులే" అంటాం. ఆ జవాబు సరైనదేనా అన్నది కూడా ఈ వ్యాసం చివరికి తేలాలి.

ముందు కథ పుట్టుక చూద్దాం. శరత్ చంద్ర చటోపాధ్యాయ ఈ నవలను 1900 ప్రాంతంలో, పాతికేళ్ళయినా నిండని వయసులో రాశారు. పుస్తకంగా వచ్చింది 1917లో. జమీందారు కొడుకు దేవదాసు, పొరుగింటి పార్వతి చిన్ననాటి నుంచి స్నేహితులు. పార్వతి వాళ్ళది అంతస్తులో తక్కువ ఇల్లు. పెద్దలు పెళ్ళికి ఒప్పుకోరు. దేవదాసు తండ్రికి ఎదురు చెప్పలేడు. పార్వతికి వయసు మళ్ళిన ఒక జమీందారుతో రెండో పెళ్ళి సంబంధం కుదురుతుంది. దేవదాసు పట్నంలో తాగుడుకు లోబడి, చంద్రముఖి అనే వేశ్య ఆదరించినా నిలవలేక, చివరికి ఇచ్చిన మాట కోసం పార్వతి వాకిట్లోకి వచ్చి చనిపోతాడు. ఇంతే కథ. ఇందులో దుర్మార్గుడు లేడు. కుట్ర లేదు. ఒక మనిషి చెప్పవలసిన సమయంలో చెప్పవలసిన మాట చెప్పలేకపోవడమే ఇందులోని విపత్తు.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు ప్రమథేశ్ బారువా దర్శకత్వంలో దీన్ని బెంగాలీలో తీశారు. బారువాయే దేవదాసు. ఆ వెంటనే హిందీలో సైగల్ దేవదాసుగా వచ్చాడు. సైగల్ గొంతుతోపాటు ఆ కథ దేశమంతా ప్రయాణం చేసింది. ఇక తెలుగు దేశంలో శరత్‌కు వేరే పరిచయం అక్కరలేకపోయింది. చక్రపాణి వంటివారి అనువాదాల వల్ల శరత్ నవలలు మన ఇళ్ళల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళ చేతుల్లో, నలిగిపోయేటంతగా తిరిగాయి. శరత్ తెలుగువాడేననుకున్న పాఠకులు కూడా ఉండేవారని చెప్పుకునేవారు. కాబట్టి 1953లో హాలులోకి వెళ్ళినవారిలో చాలామందికి కథ ముందే తెలుసు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ముగింపు తెలిసినందువల్ల వాళ్ళ కన్నీళ్ళేమీ తగ్గలేదు.

ఆ సినిమా తీసిన నాటికి దాని మీద ఎవరికీ పెద్ద నమ్మకం లేదు. నిర్మాత డి.ఎల్. నారాయణ. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి సంప్రదాయంలో పెరిగిన నాట్యాచార్యుడు, సినిమాల్లోనూ నృత్య దర్శకుడిగానే ముందు పేరు తెచ్చుకున్నాడు. అక్కినేని నాగేశ్వరరావు అప్పటికి 'బాలరాజు', 'కీలుగుర్రం' వంటి జానపదాల కథానాయకుడు. 'సంసారం' వంటి సాంఘికం చేసినా, కత్తి పట్టినవాడు తాగుబోతు ప్రేమికుడిగా ఏం నప్పుతాడని సందేహించినవారున్నారు. సావిత్రి అప్పటికి ఇంకా చిన్నపిల్ల. 'పాతాళభైరవి'లో ఒక నృత్యంలో కనిపించి, 'పెళ్ళిచేసి చూడు'లో కాస్త పెద్ద వేషం వేసింది. చంద్రముఖిగా తిరువాన్కూరు సోదరీమణులలో పెద్దదైన లలిత. దేవదాసు తండ్రిగా ఎస్.వి. రంగారావు, పార్వతి భర్తగా సి.యస్.ఆర్., స్నేహితుడు భగవాన్‌గా పేకేటి శివరాం. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ చిత్రం పూర్తికాకుండానే 1952లో చిన్న వయసులో కన్నుమూశారు. మిగిలిన పని ఆయన శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. తాగినవాడి కళ్ళల్లో నలత కనబడడానికి చాలా భాగం రాత్రిపూట చిత్రీకరించారని నాగేశ్వరరావు తరువాతి రోజుల్లో పలుమార్లు చెప్పుకున్నారు. ఇన్ని సందేహాల నడుమ వచ్చిన చిత్రం తెలుగులోనూ, అదే ఏడాది తమిళంలోనూ ఘనవిజయం సాధించింది.

ఎలా సాధించింది? నటన గొప్పది, పాటలు గొప్పవి అంటే సరిపోదు. గొప్ప నటులు, గొప్ప పాటలు ఉండి పోయిన సినిమాలు మనకు కొల్లలు. కొంచెం లోపలికి వెళ్ళి చూడాలి.

మొదట గమనించవలసింది, ఈ విషాద చిత్రం నవ్వుతో మొదలవుతుంది. పిల్లల అల్లరి, దెబ్బలాటలు, అలకలు. పెద్దయ్యాక దేవదాసు పట్నం నుంచి దొరబాబులా దిగితే, వాడి చదువుల మీద, వేషం మీద పార్వతి వేళాకోళమాడుతూ పాట పాడుతుంది. ఆ పాటలో ప్రేమ అన్న మాట కోసం వెదకనక్కరలేదు. ఒకరినొకరు ఆటపట్టించుకునే హక్కు ఉన్న ఇద్దరు మనుషులు కనిపిస్తారు, అంతే. తరువాత పోయేది ఈ హక్కే. పార్వతి పరాయి ఇంటి కోడలయ్యాక ఇద్దరూ ఎదురుపడినప్పుడు ఆ వేళాకోళం లేకపోవడమే మన గుండెను పిండుతుంది. ముందు మనచేత నవ్వించి కూడబెట్టిన దాన్నే తరువాత కన్నీళ్ళుగా ఖర్చు పెట్టించారు. కూడబెట్టనిదే ఖర్చు పెట్టబోయే సినిమాలు ఆదిలోనే అప్పుల పాలవుతాయి. పాత్రలెవరో మనకు తెలియకముందే వాళ్ళ కోసం ఏడవమంటే మనకు ఏడుపు ఎక్కడి నుంచి వస్తుంది?

రెండవది, కథకంతటికీ కీలకమైన రాత్రి ఘట్టం. పెళ్ళి మాట చెడిందని తెలిసిన పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వస్తుంది. పరువు పోతుందని తెలిసే వస్తుంది. తనకు ఆ పాదాల చెంత చోటు కావాలని అడుగుతుంది. దేవదాసు మొదట అనుకునేది ఎవరైనా చూశారేమోనని. ఆమె భయపడి ఉండవలసిన చోట అతను భయపడతాడు. ఆ ఒక్క తేడాలో ఇద్దరి స్వభావాలూ తేటతెల్లమవుతాయి. నన్ను చేసుకుంటానని నువ్వెందుకు చెప్పవు అన్నదే ఆమె ప్రశ్న సారాంశం. హాలులో కూర్చున్న మన మనసులో ఉన్న ప్రశ్నా అదే. మనం అడగాలనుకున్నది తెర మీద పార్వతి అడుగుతోంది. ఆ క్షణంలో మనం ప్రేక్షకులం కావడం మాని ఆమె పక్కన నిలబడతాం. అతని జవాబు కోసం ఆమె ఎదురు చూసినట్టే మనమూ చూస్తాం. ముగింపు ముందే తెలిసి కూడా, ఈసారైనా చెబుతాడేమోనని ఆశపడతాం.

మనసును కదిలించే చిత్రానికి ఇదే గుర్తు అని నా అభిప్రాయం. పాత్ర గుండెలో ఉన్న ప్రశ్నా, చూసేవాడి గుండెలో ఉన్న ప్రశ్నా ఆ సమయానికి ఒకటి కావాలి. కష్టం ఎంత పెద్దది, ఎన్ని చావులున్నాయి, ఎంత వర్షంలో తడిశారు అన్న లెక్కలు ఆ తరువాతి మాట.

మూడవది, దేవదాసును ఆ చిత్రం ఎక్కడా వెనకేసుకు రాలేదు. తండ్రి కాదన్నాడు, నిజమే. కాని పట్నం పారిపోయి, నన్ను మరచిపొమ్మని ఉత్తరం రాసింది దేవదాసే. ఉత్తరం వెళ్ళిపోయాక తప్పు తెలుసుకుని పరుగెత్తుకొస్తాడు. అప్పటికి పార్వతి అభిమానం దెబ్బతిన్నది. నీకు తల్లిదండ్రులున్నట్టే నాకూ ఉన్నారంటుంది. అతను కోపం పట్టలేక ఆమె నుదుటి మీద కొడతాడు. ఆ మచ్చ ఆమెకు జీవితాంతం ఉంటుంది. ఇవన్నీ మన కళ్ళ ముందు జరుగుతాయి. అందుచేత తరువాత అతను సీసా పట్టుకున్నప్పుడు మనకు జాలితోపాటు కోపం కూడా వస్తుంది. వాణ్ణి పట్టుకుని ఊపేయాలనిపిస్తుంది. ఒట్టి జాలి తొందరగా అలసిపోతుంది. కోపం కలిసిన జాలి మనతోపాటు ఇంటిదాకా వస్తుంది. మన ఇళ్ళల్లో చెడిపోయిన తమ్ముడి మీదో, మాట వినని బావగారి మీదో మనకుండేది అటువంటి జాలే కదా!

నాలుగవది, పాటలు. తాగి తూలుతూ దేవదాసు పాడే పాటలో ఘంటసాల గొంతు పెంచరు. దాదాపు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు పాడతారు. ఇంకా గమనించవలసింది, ఆ పాటలో అతను తన కథ చెప్పుకోడు. పార్వతి పేరెత్తి ఏడవడు. లోకం, బతుకు, మాయ అని వేదాంతం చెబుతాడు. మనవాళ్ళు బిచ్చగాళ్ళ నోట, బైరాగుల నోట విన్న తత్వాల బాణీ అది. తన తప్పును తలుచుకోలేనివాడు లోకాన్ని మాయ అనడం మనకు తెలియనిది కాదు. పాడేవాడు దాస్తున్నది వినేవాడికి తెలుసు కనుక ఆ పాట అంత బరువెక్కింది. అతనే అంతా చెప్పేసి ఉంటే మనకు చేయడానికి పని మిగిలేది కాదు. అలాగే చంద్రముఖి ఇంటి మేజువాణీని బెంగాలీ పద్ధతిలో ఉంచకుండా క్షేత్రయ్య పదాన్ని తెచ్చి పెట్టారు. బాలసరస్వతీదేవి పాడిన ఆ పదంతో కలకత్తా కథ మన ఊరి కథ అయిపోయింది. రావులపల్లి, దుర్గాపురం అన్న ఊళ్ళు గోదావరి గట్టునో, కృష్ణ ఒడ్డునో ఉన్నాయనే మనం నమ్మాం.

ఇక ముగింపు. చనిపోయేలోగా ఒకసారి నీ ఇంటికి వస్తానన్న మాట మనకు గుర్తుంది. ఎద్దుబండి దుర్గాపురం వైపు సాగుతున్నంతసేపూ రాత్రి ఘట్టంలో పుట్టిన పాత ప్రశ్నే ఇంకో రూపంలో మనల్ని వెంటాడుతుంది: ఈసారైనా వేళకు చేరతాడా? చేరతాడు. కాని గుమ్మం దాటి లోపలికి పోలేడు. వాకిట్లో పడి ఉన్నవాడు ఎవరో తెలిసి పార్వతి పరుగెత్తుకొస్తే తలుపులు మూసుకుంటాయి. ఒకనాడు ఆమె అతని గదికి వచ్చింది, అతను తలుపు తీయలేకపోయాడు. ఇప్పుడు అతను ఆమె గుమ్మానికి వచ్చాడు, ఆమెను రానివ్వలేదు. ఆ రెండు రాత్రులూ ఒకదానికొకటి జవాబుగా నిలిచాయి. శరత్ నవల చివర పాఠకుణ్ణి దేవదాసు కోసం ఒక కన్నీటి చుక్క అడుగుతారు. అయితే అడిగింది అంతా ముగిశాక, చిట్టచివరి మాటల్లో. అప్పటికి ఇవ్వడానికి పాఠకుడు సిద్ధంగానే ఉంటాడు.

మన ఆలంకారికులు ఈ విషయాన్ని ఏనాడో చర్చించారు. రంగం మీది దుఃఖం వేషధారిదీ కాదు, చూసేవాడి సొంతమూ కాదు, ఇద్దరికీ ఉమ్మడి అయినప్పుడే అది రసమవుతుందని భట్టనాయకుడు మొదలైనవారు చెప్పారు. దాన్నే సాధారణీకరణం అన్నారు. అభినవగుప్తుడు ఇంకొక అడుగు వేసి రసానికి అడ్డుపడే విఘ్నాలు ఏడని లెక్కపెట్టాడు. జరుగుతున్నది నమ్మశక్యం కాకపోవడం ఒక విఘ్నం. చూసేవాడు తన సొంత గొడవల్లో మునిగి ఉండడం మరొకటి. వెయ్యేళ్ళ నాటి ఈ మాటలు 1974 నాటి 'దేవదాసు'కు ఎలా వర్తిస్తాయో చూడండి.

ఆ చిత్రంలో దేవదాసు కృష్ణ. పార్వతి విజయనిర్మల. దర్శకత్వం కూడా ఆమెదే. చంద్రముఖి జయంతి. సంగీతం రమేష్ నాయుడు, పాటలు ఆరుద్ర. ఆ పాటలను ఇప్పటికీ ఇష్టంగా వినేవారున్నారు. చేతకానివారు తీసిన చిత్రం కాదది. అదే ఏడాది మే నెలలో కృష్ణ నూరవ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' విడుదలై అఖండ విజయం సాధించింది. తుపాకులకు ఎదురు నిలిచిన మన్యం వీరుణ్ణి చూసి ఈలలు వేసిన జనమే, అదే ఏడాది చివరలో, తండ్రికి ఎదురు చెప్పలేని దేవదాసును చూడవలసి వచ్చింది. "ఈయన చెప్పలేకపోవడమేమిటి?" అన్నది అప్పుడు మరో రకం ప్రశ్న అయి కూర్చుంది. నమ్మకం కుదరలేదు. నాగేశ్వరరావు మీద కూడా జానపద వీరుడన్న ముద్ర ఉంది గదా అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. కాని 1953లో ఆయన దేవదాసు పక్కన పెట్టి చూడడానికి మరో తెలుగు దేవదాసు లేడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. 1974 నాటి ప్రేక్షకుడు హాలుకు ఒంటరిగా రాలేదు, తన జ్ఞాపకాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పాత చిత్రాన్ని కూడా ఆ రోజుల్లోనే మళ్ళీ విడుదల చేయడంతో ఆ జ్ఞాపకం వీధి అవతలి హాలులోనే ఆడుతోంది. పార్వతి గదిలోకి వచ్చి ప్రశ్న అడిగినప్పుడు అతని మనసులో ఉన్నది వేరు: సావిత్రి ఇక్కడ ఎలా చూసింది, ఈమె ఎలా చూస్తోంది? పాట మొదలైతే ఘంటసాల గొంతుతో పోలిక. పాత్ర ప్రశ్న ఒకటి, ప్రేక్షకుడి ప్రశ్న మరొకటి. రసికుడుగా కూర్చోవలసినవాడు పరీక్షాధికారిగా కూర్చున్నాడు. మార్కులు వేసేవాడికి కన్నీళ్ళు రావు. అభినవగుప్తుడు చెప్పిన విఘ్నానికి ఇది మరో రూపం.

కాలం మారింది, విషాదాంతాలు జనానికి గిట్టడం మానేశాయి అని అప్పట్లో కొందరు సమాధానం చెప్పారు. అది నిలిచే మాట కాదు. నాలుగేళ్ళు తిరగకుండా, 1978లో, బాలచందర్ 'మరో చరిత్ర' వచ్చింది. రంగుల సినిమాల రోజుల్లో నలుపు తెలుపుల్లో వచ్చింది. నాయికగా కొత్తపిల్ల సరిత. ప్రేమికులిద్దరూ చివర చనిపోతారు. జనం విరగబడి చూశారు. ఏడాది పాటు ఒకరినొకరు చూడకుండా, మాట్లాడకుండా ఉండాలన్న పెద్దల షరతు ఒప్పుకున్న నాటి నుంచి, ఆ ఏడాది ఎలా గడుస్తుందన్నది తెర మీదివారికీ, కింద ఉన్నవారికీ ఒకే ప్రశ్న అయింది. అదే 'మరో చరిత్ర'ను అదే పేరుతో 2010లో తెలుగులో మళ్ళీ తీస్తే ఆదరణ దక్కలేదు. 1974 నాటి అనుభవమే మరోసారి జరిగింది.

అలాగని తిరిగి తీసిన ప్రతి చిత్రమూ వ్యర్థమని అనలేం. బారువా చిత్రానికి ఛాయాగ్రహణం చేసిన బిమల్ రాయ్ 1955లో దిలీప్ కుమార్‌తో హిందీ 'దేవదాస్' తీశారు. అందులో ఒకచోట పల్లకిలో పోతున్న పార్వతి, కాలినడకన పోతున్న చంద్రముఖి ఒకరికొకరు ఎదురవుతారు. మాట ఉండదు. ఒకరెవరో ఒకరికి తెలియదు. చూపులు మాత్రం కలుస్తాయి, దాటిపోతారు. ఇద్దరి దుఃఖమూ ఒకడి గురించేనని మనకొక్కరికే తెలుసు. ఆ తెలిసిన బరువును మోసేది మనమే. 2002లో సంజయ్ లీలా భన్సాలీ తీసిన చిత్రంలో అదే పార్వతి, అదే చంద్రముఖి పండుగనాడు కలిసి నాట్యం చేస్తారు. ఆ నాట్యం కన్నుల పండువే, డబ్బు కూడా బాగా వచ్చింది. కాని అక్కడ మనం చప్పట్లు కొడతాం, ఇక్కడ ఊపిరి బిగబడతాం. రెండింటికీ ఉన్న తేడా ప్రేక్షకుడికి ఏ పని అప్పగించారన్న దానిలో ఉంది.

ఇప్పుడు మన పిల్లల ప్రశ్న దగ్గరకు వద్దాం. "ఎందుకు చెప్పడు?" అని అడిగిన పిల్లకు ఆ సినిమా అర్థం కాలేదని మనం అనుకుంటాం. అడిగిన ప్రశ్న పార్వతిదే అయినప్పుడు అర్థం కాకపోవడమేమిటి? జమీందారీలు, అంతస్తులు, తండ్రి మాటకు ఎదురు లేకపోవడం వంటివి ఆ పిల్లకు వివరించి చెప్పవచ్చు. కాని ఆ సినిమా లోపలికి వెళ్ళే తలుపు మాత్రం ఆమె తనంతట తానే తీసుకుంది. 1953లో బెజవాడలోనో, వరంగల్లులోనో నేల టిక్కెట్టు కొన్న ఆడపిల్లకు కలిగిన బాధ కూడా ఆ తలుపులోంచి వచ్చిందే. "ఆ రోజులు వేరు" అని మనం తొందరపడి అనే మాట ఆ తలుపును మూసేస్తోంది.

అందుచేత సంఘం తరఫున పాత చిత్రాలు ప్రదర్శించే కార్యకర్తలకు ఒక మనవి. ముందుగా లేచి ఇది మహత్తరమైన విషాద కావ్యమని, చూసి ఏడవనివారు లేరని ఉపన్యాసాలు ఇవ్వవద్దు. అలా చెబితే పిల్లలు మార్కులు వేయడానికి కూర్చుంటారు. దీపాలు ఆర్పి బొమ్మ వేయండి. మధ్యలో ఎవరైనా చిన్నపిల్ల "చెప్పొచ్చు కదా!" అని పైకే అంటే కసురుకోవద్దు. సావిత్రి కూడా సరిగ్గా అదే అడుగుతోంది.